మొహమాటంతో ‘సరే’ అనేయకుండా ఉండాలంటే

మొహమాటానికి పోతే ఏమైందో చెప్పే సామెత మీకు తెలిసే ఉంటుంది, ఇక్కడ రాయక్కర్లేదు. వరసకు తమ్ముడయ్యే కుర్రాడు పాలసీ కాగితాలు పట్టుకుని ఇంటికొస్తాడు, ‘అన్నా, ఈ నెల టార్గెట్‌కి ఒక్కటే తక్కువుంది’ అంటాడు. మీటింగులో మేనేజర్ ‘అందరికీ ఓకే కదా’ అంటాడు, మీకు ఓకే కాకపోయినా తల ఊగుతుంది. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్న మనిషి ‘మీ ఆధార్ మీద కేసుంది’ అంటాడు, కాళ్లు వణుకుతాయి. ఈ మూడింటికీ సంబంధం లేనట్టే కనిపిస్తుంది. కానీ మనుషులు ఒకరినొకరు ఎలా ప్రభావితం చేస్తారో చదివే శాస్త్రం, అంటే సోషల్ సైకాలజీ, వీటన్నిటినీ ఒకే గాటన కడుతుంది.

‘మనసు గట్టి చేసుకోండి, నో చెప్పడం నేర్చుకోండి’ అనే సలహా నేను ఇవ్వను. ఆ సలహా విని మారినవాళ్లు నాకు పెద్దగా తారసపడలేదు. ఈ రంగంలో పేరుపొందిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం చూపించింది, పరిస్థితిని కాస్త అటూ ఇటూ జరిపితే అదే మనిషి వేరేగా ప్రవర్తిస్తాడని. కాబట్టి కింద చెప్పేవన్నీ మీ స్వభావాన్ని వదిలేసి, మీ చుట్టూ ఉన్నదాన్ని మార్చుకునే పనులు.

1. ముందు ఇది ఏ రకం ఒత్తిడో తేల్చుకోండి

నలుగురూ చేసినట్టే మనమూ చేయడానికి రెండు కారణాలుంటాయని 1955లో మోర్టన్ డాయిచ్, హెరాల్డ్ జెరార్డ్ అనే అమెరికన్ పరిశోధకులు విడదీసి చెప్పారు. ఒకటి, మనకు తెలియదు, వాళ్లకు తెలిసే ఉంటుందనుకోవడం. రెండోది, మనకు తెలుసు, కానీ వేరేగా మాట్లాడితే ఏమనుకుంటారోనన్న బెరుకు.

మొదటిదాంట్లో తప్పేం లేదు. కొత్త ఊళ్లో జనం ఎక్కువగా ఉన్న టిఫిన్ సెంటర్‌లోకే వెళ్తాం. టర్కీలో పుట్టిన ముజఫర్ షెరీఫ్ 1930లలో దీన్నే ప్రయోగం చేసి చూశాడు. చీకటి గదిలో కదలకుండా ఉన్న చిన్న వెలుగు చుక్క మన కంటికి కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఎంత దూరం కదిలిందో చెప్పమంటే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. ముగ్గుర్ని కలిపి కూర్చోబెడితే మెల్లగా ఒకే అంకె దగ్గరకొచ్చారు. అలా కలిసి కూర్చున్నవాళ్లను తర్వాత విడిగా అడిగినా ఆ అంకెనే పట్టుకున్నారు. నిజం తేలని చోట మంద మాట మన సొంత మాటైపోతుంది. వాట్సాప్ గ్రూపుల్లో ‘ఆ ఏరియాలో భూమి రేటు డబులవుతుందట’ అన్న మాట పట్టేది ఇలాగే.

రెండోది ఇంకా విచిత్రం. నిజం కళ్లెదుటే ఉన్నా నోరు పెగలదు. అమెరికాలోని స్వార్త్‌మోర్ కాలేజీలో పనిచేసిన సాలమన్ ఆష్ 1950లలో విద్యార్థులకు ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదో చెప్పమన్నాడు. చిన్నపిల్లలు కూడా చెప్పేంత తేలిక. అయితే గదిలో ఒక్కరే అసలు విద్యార్థి, మిగతావాళ్లంతా ఆష్ ముందే కుదుర్చుకున్న మనుషులు. 18 సార్లు అడిగితే 12 సార్లు వాళ్లంతా ఒకే తప్పు జవాబు చెప్పారు. ఆ 12 సార్లలో కనీసం ఒక్కసారైనా మందతో పాటు తప్పు చెప్పిన విద్యార్థులు నాలుగింట మూడు వంతుల మంది. ఒంటరిగా రాయమన్నప్పుడు మాత్రం నూటికి ఒక తప్పు కూడా రాలేదు.

ఈ ప్రయోగం గురించి చెప్పేవాళ్లు సగమే చెప్తారు. ఆ 12 సార్లలో వచ్చిన మొత్తం జవాబులు లెక్కేస్తే మూడింట రెండొంతుల దాకా సరైనవే. నాలుగో వంతు విద్యార్థులు ఒక్కసారి కూడా లొంగలేదు. మనుషులు గొర్రెలని తీర్పు చెప్పేవాళ్లకు ఈ సంగతి నచ్చదు.

మీరు చేయాల్సింది ఇదీ. నోట్లోకి ‘సరే’ వస్తున్నప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ‘పేరు రాయకుండా చీటీ మీద జవాబు రాసి డబ్బాలో వేయమంటే ఇదే రాస్తానా?’ రాస్తాననిపిస్తే మీకు నిజంగానే నమ్మకం ఉంది, ఆ నమ్మకానికి ఆధారమేంటో ఆ గదికి బయట ఉన్నవాళ్లను అడిగి చూడండి. రాయననిపిస్తే అది మొహమాటం. మిగతా మెట్లు దానికే.

2. వెళ్లేముందే కాగితం మీద పెట్టండి

డాయిచ్, జెరార్డ్ ఆష్ పరీక్షను కొంచెం మార్చి చేశారు. మిగతావాళ్ల జవాబులు వినకముందే తమ జవాబు రాసిపెట్టుకోమంటే విద్యార్థుల తప్పులు బాగా తగ్గాయి. పిల్లలు ఆడుకునే మ్యాజిక్ స్లేటు మీద రాసి, ఎవరూ చూడకుండా వెంటనే చెరిపేసినా కొంత ఫలితం కనిపించింది.

బంగారం షాపుకి వెళ్లేముందు ఎన్ని గ్రాములు, తరుగు ఎంత శాతం దాటితే లేచి వచ్చేయాలి అన్నది ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. స్థలం చూడబోతుంటే గజానికి ఎంత వరకు అన్నది రాసుకోండి. పెళ్లి మాటలకు వెళ్తుంటే ఎంతమంది భోజనాలు, ఏ హాలు, ఎంత బడ్జెట్టు. అంకె వేయండి. ‘మరీ ఎక్కువైతే వద్దు’ అని రాసుకుంటే రాసుకోనట్టే లెక్క, ఎందుకంటే కౌంటర్ అవతల మనిషి ‘మరీ ఎక్కువేం కాదు మేడం’ అనడం ఖాయం.

3. ఒక్క తోడు సంపాదించండి

ఒకే ఒక్క పని చేయడానికి మీకు ఓపిక ఉంటే ఇది చేయండి.

తర్వాత ఆష్ తన ప్రయోగంలో చిన్న మార్పు చేశాడు. కుదుర్చుకున్నవాళ్లలో ఒక్కరిచేత నిజం చెప్పించాడు. అంతే, మంద వెంట వెళ్లి ఇచ్చిన తప్పు జవాబులు ఇదివరకటితో పోలిస్తే నాలుగో వంతుకు పడిపోయాయి. ఇంకో విశేషం, ఆ ఒక్క మనిషి కూడా తప్పే చెప్పినా, మందకంటే వేరే తప్పు చెప్తే చాలు, అసలు విద్యార్థికి కొంత ధైర్యం వచ్చేది. అంటే మీ తోడు మీతో ఏకీభవించక్కర్లేదు. ఏకగ్రీవం విరిగితే చాలు.

దీన్ని రోజువారీ పనిలో పెట్టడం తేలికే. మీటింగ్‌లో మీకు నచ్చని నిర్ణయం రాబోతోందని తెలిస్తే ముందురోజే ఒక సహోద్యోగితో మాట్లాడండి. ‘నువ్వు నన్ను సపోర్ట్ చెయ్యి’ అని అడిగితే ఆయనకూ మొహమాటమే. ‘నేను డెడ్‌లైన్ సంగతి ఎత్తుతాను, అప్పుడు నువ్వు ఇంకోసారి వివరంగా చెప్పమని అడుగు చాలు’ అనండి. అడిగింది చిన్న పని కాబట్టి ఒప్పుకుంటారు. ఆ ఒక్క ప్రశ్నతో ఇంకో ఇద్దరు నోరు విప్పినా ఆశ్చర్యపోకండి. గదిలో మౌనంగా ఉన్నవాళ్లంతా ఒప్పుకున్నవాళ్లే అనుకోవడం మనందరికీ ఉన్న భ్రమ. మీ మౌనాన్ని చూసి పక్కవాళ్లు కూడా అదే అనుకుంటున్నారు మరి.

ఇంట్లో కూడా అంతే. ఆస్తి పంపకాల మాటలకు, సంబంధం ఖాయం చేసుకునే మాటలకు ఒక్కరే వెళ్లకండి. పెద్దమనిషి కావాలని లేదు. మాట్లాడకుండా పక్కన కూర్చుని, బయటికొచ్చాక ‘వదినా, వాళ్లు కారు సంగతి రెండుసార్లు ఎత్తారు గమనించావా’ అనే మరదలు చాలు.

4. టైమూ దూరమూ తీసుకోండి, కారణం మాత్రం ఇవ్వకండి

ఎదురుగా కూర్చున్న మనిషికి ఉన్న బలం ఫోన్లో ఉండదు. దీని అంకెలు ఆరో మెట్టులో చెప్తాను. ప్రస్తుతానికి నియమం ఇదీ: డబ్బు, సంతకం, హామీ ఈ మూడింటికీ ఎదురుగా ఉండగా జవాబు చెప్పకండి. ఒక వాక్యం ముందే కంఠతా పట్టి ఉంచుకోండి. ‘డబ్బు సంగతులు రాత్రి ఇంట్లో మాట్లాడుకుని గానీ చెప్పం, రేపు ఫోన్ చేస్తా.’ మన దగ్గర ఈ మాటను ఎవరూ తప్పుపట్టరు. పెళ్లికాని కుర్రాళ్లయితే నాన్న పేరో అక్క పేరో వాడుకోండి, వాళ్లేమీ అనుకోరు.

ఇప్పుడు కారణం సంగతి. హార్వర్డ్‌లో పనిచేసిన ఎలెన్ లాంగర్ బృందం 1978లో ప్రచురించిన జెరాక్స్ మెషీన్ ప్రయోగం ఒకటుంది. 5 పేజీలు కాపీ తీసుకోవాలి, ముందు నన్ను వెళ్లనివ్వండి అని ఊరికే అడిగితే 60 శాతం మంది దారిచ్చారు. ‘తొందరలో ఉన్నాను’ అని కారణం చెప్తే 94 శాతం. ‘ఎందుకంటే నేను కాపీలు తీసుకోవాలి’ అని ఏ అర్థమూ లేని కారణం చెప్పినా 93 శాతం. చిన్న కోరికల విషయంలో మనం కారణం ఉందా లేదా అని చూస్తాం తప్ప అదేమిటో తూచం. 20 పేజీలనేసరికి ఆ ఉత్తుత్తి కారణం పనిచేయలేదు.

అవతలివాళ్లు అడిగేటప్పుడు ‘ఎందుకంటే’ విని మెత్తబడకండి, దాని తర్వాత వచ్చే మాటను వినండి. కాదని చెప్పేటప్పుడు మాత్రం మీరు కారణాలు పేర్చకండి. ‘ఈ నెల డబ్బుల్లేవు’ అంటే ‘వచ్చే నెల నుంచి కట్టండి అన్నా’ అంటారు. ‘ఆల్రెడీ ఒక పాలసీ ఉంది’ అంటే ‘అందుకే ఇది కావాలి’ అంటారు. మీరిచ్చే ప్రతి కారణమూ వాళ్లు జవాబు నేర్చుకుని వచ్చిన ప్రశ్నే. ‘వద్దు తమ్ముడూ, తీసుకోవట్లేదు. కాఫీ తాగుతావా?’ అనండి. దీనికి ట్రైనింగ్‌లో జవాబు నేర్పరు.

5. నాలుగు పాత ఎత్తులు గుర్తుపట్టండి

చిన్నదడిగి పెద్దదానికి రావడం. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జొనాథన్ ఫ్రీడ్‌మన్, స్కాట్ ఫ్రేజర్ 1966లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంటిముందు జాగ్రత్తగా బండి నడపమనే పెద్ద వికారమైన బోర్డు పాతుకుంటారా అని అడిగితే 17 శాతం లోపే ఒప్పుకున్నారు. ఇంకో బృందం దగ్గరకు ముందు మూడంగుళాల స్టిక్కర్ లాంటిది పెట్టుకోమని వెళ్లి, రెండు వారాల తర్వాత పెద్ద బోర్డు అడిగారు. 76 శాతం సరే అన్నారు! ఆ చిన్న పని చేసినప్పటి నుంచి ‘నేను ఇలాంటివాటికి ముందుకొచ్చే మనిషిని’ అనుకోవడం మొదలవుతుంది. ‘ఊరికే డెమోకి రండి సార్’, ‘ఈ వీడియోకి లైక్ కొడితే 50 రూపాయలు’ అన్నవి ఇవే. రెండోదైతే నూటికి నూరుపాళ్లూ మోసానికి తలుపు. 50 రూపాయలు నిజంగానే వేస్తారు, అక్కడే పడిపోతాం.

పెద్దదడిగి చిన్నదానికి దిగడం. రాబర్ట్ చాల్దీని బృందం 1975లో అరిజోనాలో విద్యార్థులను ఇలా అడిగింది: నేరాలు చేసి హోంలో ఉన్న పిల్లలకు వారానికి రెండు గంటల చొప్పున రెండేళ్లు సలహాదారుగా ఉంటారా? ఎవరూ ఒప్పుకోలేదు. అయితే ఒక్కరోజు రెండు గంటలు వాళ్లను జూకి తీసుకెళ్తారా? సగం మంది సరే అన్నారు. నేరుగా జూ సంగతే అడిగినప్పుడు ఒప్పుకున్నది 17 శాతమే. వాళ్లు దిగొచ్చారు కదా, మనమూ దిగాలి అనిపిస్తుంది. చీరల షాపులో ముందు పాతికవేల పట్టుచీర విప్పి చూపించి తర్వాత పన్నెండువేలది తీయడం మీకు తెలిసిందే. విరుగుడు రెండో మెట్టే. మీ కాగితం మీద ఎనిమిది వేలని రాసుంటే, దిగొచ్చిన దూరం చూడకండి, మీ అంకెకు ఎంత పైన ఉందో చూడండి.

ఒప్పించాక అసలు సంగతి చెప్పడం. ఉదయం 7 గంటలకు జరిగే ప్రయోగానికి వస్తారా అని టైముతో సహా అడిగితే 31 శాతం ఒప్పుకున్నారు. ముందు ‘సరే’ అనిపించుకుని తర్వాత 7 గంటలని చెప్తే 56 శాతం నిలబడ్డారు. ఇదీ చాల్దీని బృందానిదే, 1978లోది. కారు షోరూంలో చెప్పిన ధరకూ ఆన్‌రోడ్ ధరకూ మధ్య ఏమేం చేరాయో చూస్తే ఇంకో ఉదాహరణ అక్కర్లేదు. కొత్త సంగతి బయటపడ్డ క్షణంలో ‘ఇది మొదటే చెప్పి ఉంటే ఒప్పుకునేవాడినా?’ అని అడగండి. ఒప్పుకునేవాడిని కాదనిపిస్తే పాత ‘సరే’ చెల్లదు.

తొందరపెట్టడం. ‘ఇంకా రెండే ఉన్నాయి’, ‘ఆఫర్ 9 నిమిషాల్లో అయిపోతుంది’. ఆన్‌లైన్‌లో ఇలాంటి దొంగ తొందరను, చెప్పకుండా కార్టులో అదనపు వస్తువు పెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాళ్లను మాయచేసే ఆన్‌లైన్ ఎత్తుల) జాబితాలో చేర్చి నిషేధించింది. మొత్తం 13 రకాలున్నాయి. కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

గొలుసు కట్టు స్కీములు ఈ నాలుగింటినీ కలిపి వాడతాయి, పైగా తెచ్చేది స్నేహితుడో తోడల్లుడో. సరుకు అమ్మకం పేరుకే ఉండి, కొత్త సభ్యులు కట్టే డబ్బే పాతవాళ్లకు వస్తుంటే, 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం కింద అది నేరం. ‘బావా, నేను చేరకపోతే నీకొచ్చే నష్టమెంత?’ అని నవ్వుతూ అడగండి. ఆ జవాబులో స్కీము లోగుట్టు మొత్తం తెలుస్తుంది.

6. అధికారం పేరుతో ఫోనొస్తే

స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో యేల్ యూనివర్సిటీలో మొదలుపెట్టిన ప్రయోగం గురించి వినే ఉంటారు. పత్రికా ప్రకటన చూసి వచ్చిన మామూలు మనుషులను, పక్క గదిలో ఉన్న వ్యక్తి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ ఇవ్వమన్నారు. 15 వోల్టుల నుంచి 450 దాకా 30 స్విచ్‌లు. షాక్ నిజం కాదు, అరుపులు నటన. 1963లో ప్రచురించిన ఫలితం ప్రకారం 40 మందిలో 26 మంది చివరి స్విచ్ దాకా వెళ్లారు. పాల్గొన్నవాళ్లలో కొందరికి అది నాటకమని అనుమానం వచ్చిందని, ప్రయోగం జరిపిన తీరు నీతికి నిలవదని తర్వాత చాలా విమర్శలొచ్చాయి, వాటిలో బలముంది. అయినా మనకు పనికొచ్చేది ఆ 26 అన్న అంకెలో కన్నా, దాన్ని తగ్గించిన మార్పుల్లో ఉంది.

ఆదేశాలిచ్చే వ్యక్తి గదిలోంచి వెళ్లి ఫోన్లో చెప్తే చివరిదాకా వెళ్లినవాళ్లు ఐదో వంతుకు పడిపోయారు. పక్కన కూర్చున్న ఇద్దరు ‘మేం చేయం’ అని లేచిపోతే 40 మందిలో నలుగురే మిగిలారు. ఆదేశాలిచ్చే ఇద్దరూ తమలో తాము విభేదిస్తే ఎవరూ చివరిదాకా వెళ్లలేదు. ఒంటరితనం, ఎదుటే అధికారం, కొంచెం కొంచెంగా పెంచడం, ఆలోచించుకునే సందు లేకపోవడం ఇవన్నీ కలిస్తేనే మనిషి లొంగుతాడు.

ఇప్పుడు డిజిటల్ అరెస్టు మోసాన్ని దీని పక్కన పెట్టి చూడండి. మీ పేరుతో వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటారు. సీబీఐ అనో కస్టమ్స్ అనో చెప్తారు. వీడియోలో యూనిఫాం, వెనక గోడకు జెండా. నకిలీ వారెంటు వాట్సాప్‌లో వస్తుంది. కెమెరా ఆపొద్దు, గది తలుపు వేసుకోండి, భార్యకు కూడా చెప్పొద్దు, చెప్తే ఆమెనూ కేసులో కలుపుతాం అంటారు. తర్వాత ‘వెరిఫికేషన్’ పేరుతో ముందు కొంత, ఆ తర్వాత ఫిక్స్‌డ్ డిపాజిట్లన్నీ. మిల్‌గ్రామ్ ప్రయోగంలో మనిషిని వంచినవన్నీ ఇక్కడ ఉన్నాయి. ఫోన్లో బలం తగ్గుతుందన్నాను కదా, అందుకే వీళ్లు మామూలు కాల్‌తో ఆగక వీడియోలోకి లాగుతారు. చదువుకున్నవాళ్లు, రిటైరైన ఆఫీసర్లు ఎలా పడిపోయారని పేపర్లో చదివి నవ్వేవాళ్లు ఒక్కసారి దీన్ని తలుచుకోవాలి.

అలాంటి కాల్ వస్తే వరసగా ఇలా చేయండి.

వాదించకండి. నిర్దోషినని నిరూపించుకోవాలని చూసినకొద్దీ లోపలికి లాగుతారు. చెప్పాపెట్టకుండా కాల్ కట్ చేయండి. మర్యాద అక్కర్లేదు.

ఫోన్ అక్కడే పెట్టి వేరే గదిలోకి వెళ్లి ఎవరో ఒకరికి నోటితో చెప్పండి. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటి ఆంటీకి, వాచ్‌మన్‌కి. ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్నారంటేనే చెప్పాలని అర్థం, ఎందుకంటే మీకు తోడు దొరికిన నిమిషంలో వాళ్ల ఆట కట్టు.

వీడియో కాల్‌లో అరెస్టు చేసే పద్ధతి మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబర్ 27న ప్రధాని మన్ కీ బాత్‌లో ఇదే మాట చెప్పారు. ఏ దర్యాప్తు సంస్థా కేసు తేల్చడానికి మీ డబ్బును ఇంకో ఖాతాలోకి పంపమనదు. ఇంకా అనుమానంగా ఉంటే మీ దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు కాళ్ల మీద నడిచి వెళ్లండి.

డబ్బు వెళ్లిపోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ సొమ్ము ఇంకా దొంగ ఖాతాల్లోనే ఉంటే బ్యాంకుల చేత ఆపించే వీలుంటుంది. ఆలస్యమైనకొద్దీ అది ఖాతాలు మారుతూ పోతుంది. డబ్బు పోకపోయినా, వచ్చిన కాల్ గురించి కేంద్ర టెలికం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో చెప్పొచ్చు.

ఇంట్లో అమ్మానాన్న ఒంటరిగా ఉంటే ఈ సంగతులు ఈ వారమే మాట్లాడి పెట్టండి. మోసాల గురించి గంట క్లాసు పీకితే వాళ్లకు గుర్తుండదు. ‘ఎవరైనా నాకు చెప్పొద్దంటే ముందు నాకే ఫోన్ చెయ్యమ్మా’ అన్న ఒక్క మాట చాలు.

7. జనం మధ్యలో సాయం కావాలంటే

ఇక్కడ వ్యవహారం తిరగబడుతుంది. నలుగురి మధ్య ‘సరే’ తేలిగ్గా వస్తుంది గానీ, సాయం మాత్రం తేలిగ్గా రాదు. జాన్ డార్లీ, బిబ్ లాటానే 1968లో చేసిన ప్రయోగంలో, ఇంటర్‌కంలో ఒకరికి ఫిట్స్ వస్తున్నట్టు వినిపించింది. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మనిషి మాట ఆగిపోయేలోపే సాయానికి కదిలారు. ఇంకో నలుగురు వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతమే. ఎవరో ఒకరు చేసే ఉంటారులే అనుకోవడం అన్నమాట. అలాగని జనాన్ని మరీ తీసిపారేయకండి. 2019లో ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ నగరాల సీసీటీవీ దృశ్యాలు పరిశీలిస్తే పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒక్కరైనా అడ్డుపడ్డారు.

రోడ్డు మీద ప్రమాదం జరిగితే ‘ఎవరైనా ఫోన్ చేయండి’ అని అరవకండి. ఒకరి కళ్లలోకి చూసి, వేలితో చూపించి, గుర్తు చెప్పి పని అప్పజెప్పండి: ‘నీలం చొక్కా అన్నా, నువ్వు 108కి ఫోన్ చెయ్యి. హెల్మెట్ తమ్ముడూ, బళ్లు ఆపు.’ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ నంబరు ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. పోలీసుల గొడవ ఎందుకని వెనకాడేవాళ్లకు, గాయపడ్డవాళ్లకు సాయం చేసినవాళ్లను వేధించకుండా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ ఉందని చెప్పండి. పేరు, చిరునామా ఇవ్వాలని బలవంతం చేయకూడదు.

8. మీరొక్కరే వేరేగా అనుకుంటుంటే

తక్కువమంది ఎక్కువమందిని కదిలించగలరా? సెర్జ్ మోస్కోవిచి బృందం 1969లో ఫ్రాన్స్‌లో ఇది చూసింది. ఆరుగురిలో ఇద్దరు కుదుర్చుకున్న మనుషులు, నీలం స్లైడులను ప్రతిసారీ ఆకుపచ్చ అన్నారు. మిగతావాళ్ల జవాబుల్లో 8 శాతానికి పైగా ఆకుపచ్చవైపు జరిగాయి. ఆ ఇద్దరూ ఒకసారి అలా ఒకసారి ఇలా చెప్తే 1.25 శాతమే. లాభం చిన్నదే, కానీ మాట మీద నిలబడటం వల్ల వచ్చిందే.

మన దగ్గర దీనికి 1992 నాటి నెల్లూరు జిల్లా దూబగుంట ఉంది. రాత్రి బడుల్లో చదువుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం వద్దని అడ్డం తిరిగారు. రోశమ్మ పేరు అక్కడి నుంచే రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరా ఆడవాళ్లు అదే మాట పట్టుకుని సారా వేలంపాటలను అడ్డుకున్నారు, 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. గమనించాల్సింది వాళ్ల కోరిక ఎంత పొట్టిగా ఉందన్నది. సారా వద్దు, అంతే. ఉద్యమం రోజుకో కొత్త డిమాండుతో చెదిరిపోలేదు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో లెక్కలు చూపించమని అడగదలిస్తే అదే చేయండి. ప్రతి మీటింగులో అదే ఒక్క ప్రశ్న, అవే మాటల్లో, గొంతు పెంచకుండా. మొదటి రెండుసార్లు నసగాడంటారు. మూడోసారి ఎవరో ఒకరు ‘ఆయన అడిగేదాంట్లో తప్పేముంది’ అంటారు. ఇప్పుడు మీకు తోడు దొరికింది.

9. ఇప్పటికే ‘సరే’ అనేసి ఉంటే

ఒప్పుకున్నాక మన బుర్ర ఆ ఒప్పుకోలును సమర్థించుకునే పనిలో పడుతుంది. లియోన్ ఫెస్టింజర్, జేమ్స్ కార్ల్‌స్మిత్ 1959లో విసుగుపుట్టించే పని చేయించి, అది బాగుందని ఇంకొకరికి అబద్ధం చెప్పించారు. అబద్ధానికి 20 డాలర్లు తీసుకున్నవాళ్లకు పని మీద అభిప్రాయం పెద్దగా మారలేదు. ఒక్క డాలరే తీసుకున్నవాళ్లు మాత్రం ఆ పని నిజంగానే బాగుందన్నారు. ఒక్క డాలరు కోసం అబద్ధమాడామని ఒప్పుకోవడం కష్టం కదా. మొహమాటానికి తీసుకున్న పాలసీ గురించి నెలలోపే ‘సేవింగ్స్‌కి మంచిదేలే’ అని మనమే ఊళ్లో చెప్పడం ఇలాంటిదే. కాబట్టి ఆ సమర్థింపు ముదరకముందే వెనక్కి రండి.

జీవిత బీమా అయితే పాలసీ పత్రం చేతికందిన రోజు నుంచి 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉంటుంది. ఆ లోపు కంపెనీకి రాతపూర్వకంగా చెప్తే స్టాంపు డ్యూటీ, వైద్య పరీక్షల ఖర్చు, అప్పటిదాకా ఇచ్చిన కవరేజీకి తగ్గ చిన్న మొత్తం పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. ఏజెంటు మీ చుట్టమే అయినా అతని ద్వారా వెళ్లకండి, నేరుగా కంపెనీకి మెయిల్ పెట్టి, ఆ తర్వాత అతనికి చెప్పండి.

హామీ సంతకం, చిట్టీ, స్కీము, ఊరికే ఇచ్చిన మాట ఏదైనా సరే, ఎదురుపడి చెప్పబోతే మళ్లీ మొదటికొస్తుంది. మెసేజ్ పెట్టండి. కావాలంటే ఇది కాపీ చేసుకోండి: ‘నిన్న నీ ముందు సరే అన్నాను గానీ, ఇంట్లో కూర్చుని చూసుకున్నాక నేను ఇందులో ఉండట్లేదని తేల్చుకున్నాను. నిన్ను ఇబ్బంది పెట్టినందుకు సారీ. దీని గురించి మళ్లీ మాట్లాడుకోవద్దు. ఆదివారం భోజనానికి రండి.’ పంపాక గంటసేపు ఫోన్ ఎత్తకండి.